యంగ్ మార్బుల్ జెయింట్స్ 'కలోసల్ యూత్': ఏ ఎడిషన్ కొనాలి, ఎలా వినాలి

ఫ్యాను 4లో పెట్టి, ఫోను స్పీకర్లో ఈ ఆల్బమ్ విని "ఏముంది ఇందులో?" అనుకుంటే తప్పు పట్టలేం. అలా వింటే ఈ రికార్డులో సగం నిజంగానే వినపడదు. డ్రమ్ మెషీన్ చేసే సన్నటి చిక్ చిక్ ఫ్యాను గాలి హోరులో కలిసిపోతుంది. బేస్ గిటార్ ఫోను స్పీకర్లో పుట్టనే పుట్టదు. మిగిలేది ఒక ఆడగొంతు, వెనక ఎవరో తీగల మీద గీకుతున్న చప్పుడు. కాబట్టి ఈ సమీక్షలో ఆల్బమ్ ఎలా ఉందన్నదాంతో పాటు, దాన్ని ఎందులో, ఎలా వినాలన్నది కూడా ఎక్కువే ఉంటుంది.

1980 ఫిబ్రవరిలో లండన్ లేబుల్ (రికార్డు కంపెనీ) రఫ్ ట్రేడ్ విడుదల చేసిన రికార్డు ఇది. బ్యాండు వేల్స్ రాజధాని కార్డిఫ్‌ది, ముగ్గురే. ఆలిసన్ స్టాటన్ పాడుతుంది. స్టువర్ట్ మాక్సమ్ గిటార్, ఆర్గన్. అతని తమ్ముడు ఫిలిప్ బేస్. మొత్తం 15 పాటలు, అన్నీ కలిపి 40 నిమిషాల లోపు. తర్వాత రెండు ఈపీలు (కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డులు) చేసి విడిపోయారు. చాలా ఏళ్ళకి మళ్ళీ కలిసి కచేరీలు చేశారు కానీ రెండో ఆల్బమ్ మాత్రం రాలేదు. బ్యాండు పేరు ప్రాచీన గ్రీకు యువకుల విగ్రహాల గురించి రాసిన వర్ణనలోంచి తీసుకున్నది. నిలువెత్తు పాలరాయి, రెండు చేతులూ పక్కన, మొహంలో ఏ భావమూ బయటపడని ఆ విగ్రహాలని మ్యూజియంలోనో ఫొటోలోనో చూసినవాళ్ళకి ఆలిసన్ గొంతు వినగానే ఆ పేరు ఎందుకో తెలిసిపోతుంది.

1980 అంటే బ్రిటన్లో పంక్ హోరు ఇంకా చల్లారని రోజులు. గిటార్‌కి డిస్టార్షన్ (స్వరం చిట్లి గరగరలాడేలా చెయ్యడం) పెట్టడం, డ్రమ్స్ బాదడం, అరవడం అప్పటి ఆనవాయితీ. వీళ్ళు అవే రోజుల్లో, అదే చిన్న చిన్న హాళ్ళలో, గొంతు కూడా పెంచకుండా పాడారు. 1979లో కార్డిఫ్ బ్యాండ్లతో వచ్చిన 'ఈజ్ ద వార్ ఓవర్?' అనే సంకలనంలో వీళ్ళవీ పాటలున్నాయి. అవి విన్నాకే రఫ్ ట్రేడ్ పిలిచింది.

డ్రమ్మర్ లేడు. మాక్సమ్ సోదరుల కజిన్ పీటర్ జాయిస్ టెలిఫోన్ ఇంజనీరు, ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాడు. అతను ఇంట్లో కట్టిన డ్రమ్ మెషీన్‌ని టేపుకెక్కించి, ఆ టేపు తిప్పుకుంటూ మిగతావాళ్ళు వాయించేవారు. ఆర్కెస్ట్రా ప్రోగ్రాముల్లో రిథమ్ ప్యాడ్ విన్న చెవికి ఇది చాలా బీదగా అనిపిస్తుంది. రోల్ లేదు, ఫిల్ లేదు, చరణానికి ముందు ఎత్తుగడ లేదు. పాట మొదట్లో పెట్టిన వేగం, పెట్టిన కొట్టుడే చివరిదాకా. టేపు ఆగదు, తడబడదు, పాడేవాళ్ళ కోసం చూడదు. అందుకని పాటలో కదలిక ఎక్కడన్నా రావాలంటే అది బేస్ దగ్గరే రావాలి.

ఈ ఆల్బమ్‌లో అసలు బాణీ చాలాసార్లు ఉండేది కూడా ఫిలిప్ బేస్‌లోనే. మామూలు పాప్ పాటలో బేస్ కింద పునాదిలా ఉండి, గిటార్ వాయించే కార్డుకి (కలిపి మోగించే స్వరాల గుంపుకి) మూలస్వరం ఇస్తూ పోతుంది. ఇక్కడ తిరగబడింది. బేస్ మెడ పైభాగంలో, చెక్క కొట్టినట్టు పొట్టి పొట్టి స్వరాలతో రాగం నడుపుతుంది, గిటార్ తాళం వేస్తుంది. స్టువర్ట్ రికెన్‌బ్యాకర్ గిటార్ తీగల్ని అరచేతి అంచుతో నొక్కిపట్టి మీటుతాడు. స్వరం పుట్టీ పుట్టకముందే ఆగిపోతుంది. ఆ 'టక్ టక్' లోంచే కార్డు ఏమిటో మనం పోల్చుకోవాలి. వీణ తీగ మీద చెయ్యి పెట్టి ఆపితే వచ్చే ముక్కచప్పుడు తెలుసుగా, అలాంటిది.

ఇంకో కిటుకు ఉంది. గిటారూ ఆర్గనూ రెండూ స్టువర్ట్ చేతిలోవే. స్టేజి మీద ఒకటి మోగుతుంటే రెండోది ఉండదు. రికార్డింగులోనూ ఎక్కువ పాటలకి అదే లెక్క నిలబెట్టుకున్నారు. ఏ క్షణమైనా లెక్కపెట్టండి: గొంతు, బేస్, గిటార్ లేదా ఆర్గన్, వెనక డ్రమ్ పెట్టె. నాలుగు. చాలా చోట్ల మూడే. పైన రింగ్ మాడ్యులేటర్ లాంటి ఒకటి రెండు పరికరాలతో చేసిన చిత్రమైన చప్పుళ్ళు అక్కడక్కడ వచ్చి పోతాయి, అంతే. తెలుగు సినిమా పాట వినే అలవాటుకి ఇది మొదట కొరుకుడు పడదు. పల్లవి అయ్యాక వయొలిన్లు ఎప్పుడొస్తాయా అని చెవి ఎదురుచూస్తుంది. రావు. ఆ ఎదురుచూపు ఆగాక, మూడో నాలుగో పాట దగ్గర, ఈ రికార్డు వినిపించడం మొదలవుతుంది.

రికార్డింగు వేల్స్ పల్లెటూళ్ళలో ఉన్న ఫోయెల్ స్టూడియోలో 5 రోజుల్లో పూర్తయింది. స్టూడియో నడిపే డేవ్ ఆండర్సనే ఇంజనీరు. ఈయన అంతకుముందు అమాన్ డ్యూల్ 2, హాక్‌విండ్ బ్యాండ్లలో బేస్ వాయించినవాడు. అంటే సాగదీసిన, హోరెత్తించే సంగీతం నుంచి వచ్చిన మనిషి. ఆ మనిషి బోర్డు ముందు కూర్చుని ఇంత పొడి రికార్డు తీశాడంటే బ్యాండు ఎంత తయారుగా వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. పాటలన్నీ ముందే కరతలామలకం. పైపైన కలిపినవి తక్కువ. 5 రోజుల్లో 15 పాటలంటే రోజుకి 3, మిక్సింగుతో సహా. తడుముకునే వ్యవధి లేదు.

ఆ 5 రోజుల లెక్కకి డబ్బు వైపు కూడా అర్థముంది. రఫ్ ట్రేడ్ 1976లో జెఫ్ ట్రావిస్ పెట్టిన రికార్డుల కొట్టు. 1978లో లేబుల్ అయింది. ఖర్చులు పోను మిగిలిన లాభం బ్యాండుకి సగం, లేబుల్‌కి సగం అన్నది వాళ్ళ ఒప్పందాల్లో పేరుపడ్డ పద్ధతి. పెద్ద కంపెనీల రాయల్టీ పద్ధతిలో అడ్వాన్సు తీరేదాకా బ్యాండు అప్పులోనే ఉంటుంది, తీరాక వచ్చేదీ చిన్న శాతమే. సగం-సగం పద్ధతిలో స్టూడియో ఖర్చు ఎంత తక్కువైతే బ్యాండు చేతికి డబ్బు అంత త్వరగా వస్తుంది. నెల రోజులు స్టూడియోలో కూర్చుంటే పోయేది లేబుల్ డబ్బొక్కటే కాదు, తమ సగం కూడా. ఇప్పుడు సొంతంగా ఆల్బమ్ తీస్తున్న హైదరాబాద్, వైజాగ్ కుర్రాళ్ళకి ఈ పాయింటు బాగా పనికొస్తుంది. రిహార్సల్ గది అద్దె గంటకి ఎంతో, స్టూడియో అద్దె గంటకి ఎంతో పక్కపక్కన రాసుకుని చూడండి. పాటని రిహార్సల్‌లో ముగించేసి స్టూడియోకి వెళ్ళడమే చవక.

ఇక పాటలు. మొదటిది 'సెర్చింగ్ ఫర్ మిస్టర్ రైట్'. ఆల్బమ్ నియమాలన్నీ ఇందులోనే తెలిసిపోతాయి. ఆలిసన్ స్వరం మీదికి నేరుగా వచ్చి నిలబడుతుంది, జారుడు లేదు, వణుకు లేదు, వాక్యం అయిపోగానే స్వరమూ అయిపోతుంది. చాలామంది దీన్ని గుసగుస అంటారు. అది పొరపాటు. గుసగుసలో గాలి ఎక్కువ, స్వరం తక్కువ ఉంటుంది. ఈమెది నిండు స్వరమే, పక్కింటి మనిషితో మాట్లాడే గొంతుస్థాయిలో ఉంది, అంతే తేడా. శృతి ఎక్కడా తప్పదు. అయినా శిక్షణ పొందిన గొంతులా వినపడదు. ఈ రెండూ కలిసి దొరకడం అరుదు.

'ఈటింగ్ నాడెమిక్స్' మాటల కోసం వినాలి. ఎవరో చిరుతిండి తింటూ బయటికి వెళ్ళడానికి తయారవుతుంటారు, అదే వరసలో అదే గొంతుతో ఓ ఘోర ప్రమాదం గురించి కూడా చెప్పుకుపోతుంది. రెండింటికీ గొంతులో తేడా ఉండదు. టీవీలో వార్త, చేతిలో ఇడ్లీ ప్లేటు, ఆ స్థితి మనకి కొత్తేం కాదు. 'ఎన్.ఐ.టి.ఎ.' ఆర్గన్ పాట, మొదటి వైపు గుండెకాయ అనదగ్గది అదే. 'సలాడ్ డేస్' రెండో వైపు మధ్యలో వచ్చే చిన్న నెమ్మది పాట, గడిచిపోయిన చిన్నతనం గురించి. ఈ రెండు పాటలూ రాత్రి 11 దాటాక, వీధిలో బళ్ళు తగ్గాక వినాల్సినవి. 'వర్లిట్జర్ జూక్‌బాక్స్' మాత్రం పొద్దున్నే పనికొస్తుంది. గిటార్ చేతిగీకుడు ఎంత గట్టిగా నడవగలదో తెలియాలంటే అదే ఉదాహరణ.

'క్రెడిట్ ఇన్ ద స్ట్రెయిట్ వరల్డ్' దగ్గర కాస్త ఆగుదాం. ఆల్బమ్‌లో కోరలున్న పాట ఇది. గిటార్ ఒక మొండి వరసని కొడుతుంది, ఆగుతుంది, మళ్ళీ కొడుతుంది. ఆ ఆగిన చోట ఏ చప్పుడూ నింపలేదు, డ్రమ్ పెట్టె టిక్కుటిక్కుమంటుంది. అమెరికన్ బ్యాండు హోల్ 1994లో తమ ఆల్బమ్‌లో ఇదే పాట పాడింది. రెండూ వెంటవెంటనే పెట్టి వినండి. హోల్ పాటలో ఆ ఖాళీలన్నీ డ్రమ్స్‌తో, డిస్టార్షన్‌తో నిండిపోయాయి. బాగుంటుంది, కోపం నేరుగా తగులుతుంది. కానీ మొదటిదాంట్లో కోపం ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి, దొరికాక అది ఎక్కువసేపు ఉంటుంది. హోల్ గాయని భర్త, నిర్వాణ బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ తనకి ఇష్టమైన ఆల్బమ్‌ల జాబితాలో 'కలోసల్ యూత్'ని రాసుకున్నాడు. అరుపులకి పేరుపడ్డ మనిషికి ఈ రికార్డు నచ్చడంలో వింతేం లేదు. అతని పాటల్లోనూ అరుపుకి ముందు వచ్చే నెమ్మది భాగమే పాటని నిలబెట్టేది.

లోపాల సంగతి. 15 పాటలకీ ఒకే నాలుగు చప్పుళ్ళు కాబట్టి రెండో వైపు మధ్యకొచ్చేసరికి చెవి అలసిపోతుంది. 'మ్యూజిక్ ఫర్ ఈవెనింగ్స్' నుంచి 'చోచి లోని' దాకా మూడు పాటలు ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి నాలుగైదు సార్లు వినాల్సి వచ్చే రకం. 'ద ట్యాక్సీ' వాద్యసంగీతం, నడుమ ఊపిరి తీసుకోవడానికి పెట్టినట్టుంది తప్ప దానంతటది నిలబడదు. చివరిదైన 'విండ్ ఇన్ ద రిగ్గింగ్' కూడా వాద్యమే, కానీ అది ముగింపుకి సరిపోయింది. కూర్చుని వినేవాళ్ళు రెండు వైపులకీ మధ్య విరామం తీసుకోవడం మంచిది. ఎల్పీ మీద అది ఎలాగూ తప్పదు, స్ట్రీమింగులో మనమే ఆపుకోవాలి.

ఎడిషన్ల దగ్గరే కొనేవాళ్ళు ఎక్కువ పొరపాటు పడతారు. 1980 ఎల్పీలో బ్యాండు అత్యుత్తమ పాట లేదు. ఆ పాట 'ఫైనల్ డే', అదే ఏడాది వేసవిలో విడిగా ఈపీగా వచ్చింది. రెండు నిమిషాలు కూడా ఉండదు. అణుయుద్ధం వచ్చిన ఆఖరి రోజు గురించి పాట. అణుబాంబు పడితే ఇంట్లో తలుపులు అడ్డంపెట్టుకుని ఎలా తలదాచుకోవాలో చెప్పే పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అచ్చేసి అమ్మిన ఏడాది అది. పాట మొదటి నుంచి చివరిదాకా సన్నగా, ఎత్తున ఒకే స్వరం మోగుతూనే ఉంటుంది. కచేరీలో శృతిపెట్టె అలవాటున్న చెవికి ఒకే స్వరం వెనక నిలబడటం ధైర్యాన్నిస్తుంది, పాటకి నేలలాగ. ఇక్కడ అదే పద్ధతి భయపెడుతుంది. శృతి కింద ఉండాల్సింది నెత్తి మీద ఉంది, పళ్ళ డాక్టరు దగ్గర మిషను మోత లాగ. దాని కింద ఆలిసన్ ఏమీ జరగనట్టు పాడుకుపోతుంది.

అందుకని పాత ముద్రణ ఎల్పీ ఒక్కటే కొనొద్దు, సేకరణ కోసమైతే తప్ప. 2007లో డొమినో లేబుల్ తెచ్చిన పునర్ముద్రణలో ఆల్బమ్‌తో పాటు 'ఫైనల్ డే', 1981లో వచ్చిన 6 వాద్యసంగీతాల 'టెస్ట్‌కార్డ్' ఈపీ, ఇంకా సంకలనంలోని పాటలూ కలిపారు. మూడు సీడీల రకంలో బీబీసీ రేడియోలో జాన్ పీల్ నడిపిన కార్యక్రమానికి 1980లో చేసిన సెషన్ కూడా ఉంది. 2020లో 40 ఏళ్ళ సందర్భంగా డొమినోనే రెండు ఎల్పీల ఎడిషన్ తెచ్చింది, అందులో న్యూయార్క్ హురా క్లబ్బులో 1980 నవంబరు కచేరీ డీవీడీ ఉంది. మొదటిసారి వినేవాళ్ళకి నా సలహా సీడీయే, 2007ది. దేశంలో దొరక్కపోతే బయట నుంచి తెప్పించుకున్నా సీడీకి తూకం తక్కువ, పోస్టేజీ తక్కువ, దార్లో వంగిపోయే భయం లేదు. ఎల్పీ తెప్పించుకునేవాళ్ళు కవరు బయట విడిగా పెట్టి పంపమని అమ్మేవాడికి ముందే రాయాలి. లేకపోతే దారంతా రికార్డు అంచు లోపలి నుంచి గుద్దుకుని కవరు పైఅంచు చీలుతుంది. నలుపు-తెలుపులో మూడు సగం మొహాలు చీకట్లో ఉన్న కవరు ఇది, తెల్లటి చీలిక పడితే దూరం నుంచే కనిపిస్తుంది.

ఎల్పీ మీద వినేవాళ్ళకి కొన్ని విషయాలు, ఎందుకంటే ఈ రికార్డు ప్లేయరులో ఉన్న ప్రతి లోపాన్నీ బయటపెడుతుంది. రాక్ ఆల్బమ్‌లో వినపడని 'టప్' మనే దుమ్ము చప్పుడు ఇక్కడ డ్రమ్ పెట్టెతో పోటీ పడుతుంది. ఒక్కోసారి ఏది దుమ్ము, ఏది వాద్యం అని అనుమానం కూడా వస్తుంది. కడగడానికి కుళాయి నీళ్ళు వాడొద్దు. మన ఊళ్ళలో బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, ఆరాక గాడిలో తెల్లగా పేరుకుని శాశ్వతంగా చిటపటలు పెడుతుంది. తాగే నీళ్ళ క్యాను కూడా అంతే, అందులో లవణాలు పూర్తిగా పోవు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా చాలు. పక్కనే అమ్మే బ్యాటరీ యాసిడ్ సీసా మాత్రం కాదు, లేబుల్ చదివి తీసుకోండి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, గాడి తిరిగే దిశలోనే తుడిచి, మధ్య లేబుల్ తడవకుండా చూసి, నిలబెట్టి ఆరబెట్టాలి.

ముల్లు బరువు కార్ట్రిడ్జి (ముల్లు అమర్చి ఉండే భాగం) కంపెనీ చెప్పినంతే పెట్టండి. మనవాళ్ళు ఎక్కువగా వాడే ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, 1.8 నుంచి 2.2 మధ్య ఉండొచ్చు. తక్కువ పెడితే గాడి పాడవదని కొందరి నమ్మకం. తక్కువైతేనే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని కొట్టేది. ఆలిసన్ పాడే 'స' అక్షరం దగ్గర బుస్సుమంటుంటే మొదట చూడాల్సింది అదే.

రెండోది హమ్. ప్లేయరు నుంచి వచ్చే ఎర్త్ తీగ యాంప్ వెనక మరకి బిగించకపోతే 50 హెర్ట్జ్ మోత వస్తుంది. మామూలు రికార్డులో పాట మొదలవగానే అది మునిగిపోతుంది. ఇక్కడ మునగదు. పైగా బేస్ గిటార్ మంద్రంలో జి స్వరం 49 హెర్ట్జ్, మోత 50. రెండూ కలిస్తే సెకనుకి ఒకసారి చప్పుడు ఉబ్బి తగ్గుతున్నట్టు ఉంటుంది. "ఈ పాటలో బేస్ ఎందుకో ఊగుతోంది" అనిపిస్తే రికార్డుని అనుమానించే ముందు ఎర్త్ తీగ చూడండి.

అసలు ఊగుడు వేరే ఉంది. రికార్డు నడిమి రంధ్రం కొంచెం పక్కకి పడితే స్వరం ప్రతి చుట్టుకీ ఒకసారి పైకీ కిందకీ జరుగుతుంది. 33⅓ వేగంలో చుట్టుకి 1.8 సెకన్లు. గిటార్ ముక్కస్వరాల్లో ఇది తెలియదు, నిలబడే ఆర్గన్ స్వరాల్లో వెంటనే తెలుస్తుంది. కొన్న రోజే 'ఎన్.ఐ.టి.ఎ.' పెట్టి, టోన్ఆర్మ్‌ని (ముల్లుని మోసే చేతిని) పైనుంచి చూస్తూ వినండి. ఆర్మ్ ఎడమకీ కుడికీ తూగుతూ, అదే లయలో స్వరం కూడా జారుతుంటే ముద్రణ లోపం. మార్చి ఇమ్మని అడగడానికి గడువుంటుంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

స్ట్రీమింగులో వినేవాళ్ళు యాప్‌లో బేస్ బూస్ట్, 'రాక్' ఈక్వలైజర్ రెండూ తీసెయ్యాలి. ఫిలిప్ బేస్‌లో ముఖ్యమైంది పిక్కు తగిలిన మొదటి చప్పుడు, అది మధ్య స్థాయిలో ఉంటుంది. బూస్ట్ పెడితే కిందది ఉబ్బి, ఆ చప్పుడు కప్పడిపోయి, బాణీ కాస్తా గుయ్యిమనే మోత అవుతుంది. షఫుల్ కూడా వద్దు. ఆల్బమ్ వరసలో పెడితే స్పాటిఫై మొత్తం ఆల్బమ్‌ని ఒకే కొలతలో సర్దుతుంది, నెమ్మది పాట నెమ్మదిగానే ఉంటుంది. షఫుల్‌లో పాటపాటకీ విడిగా సర్దితే 'సలాడ్ డేస్' కూడా 'వర్లిట్జర్ జూక్‌బాక్స్' అంత గట్టిగా వస్తుంది, వరసలోని ఎత్తుపల్లాలు పోతాయి. ఫోను స్పీకర్ ఎందుకు పనికిరాదంటే, బేస్ గిటార్ నాలుగు తీగలూ వట్టిగా మీటితే వచ్చేవి 41, 55, 73, 98 హెర్ట్జ్. జి తీగ 12వ మెట్టుకి వెళ్ళినా 196. చిన్న స్పీకర్లు 300 దగ్గరే చతికిలబడతాయి. చెవులు మూసే రకం హెడ్‌ఫోన్, వైరుదైనా సరే, వెయ్యీ రెండు వేలదైనా సరే, ఈ ఒక్క ఆల్బమ్‌కి ఖరీదైన బ్లూటూత్ స్పీకరు కంటే మేలు.

ఈ పద్ధతిలో సొంతంగా రికార్డు చెయ్యాలనుకునే బ్యాండ్లు ఇక్కడా ఉన్నారు, తప్పు ఎక్కడ జరుగుతుందో దాదాపు ముందే చెప్పొచ్చు. గిటార్ చెయ్యి ముందు. అరచేతి అంచు సరిగ్గా బ్రిడ్జి మీద తీగలు ఆనే చోట సగం తీగ మీద, సగం లోహం మీద ఉండాలి. ఒక సెంటీమీటరు ముందుకి జరిగితే స్వరం చచ్చి 'దబ్' మంటుంది, వెనక్కి జరిగితే తీగ మోగిపోతుంది. బ్రిడ్జి వైపు పికప్, శుభ్రమైన యాంప్, డిస్టార్షన్ సున్నా, రివర్బ్ (ప్రతిధ్వని) సున్నా లేదా చిటికెడు. రివర్బ్ పెట్టగానే స్వరాల మధ్య ఖాళీలన్నీ పొగతో నిండుతాయి. అక్కడితో ఈ పద్ధతికి అర్థం పోతుంది.

డ్రమ్ మెషీన్‌కి మూడు చప్పుళ్ళు మించొద్దు. ల్యాప్‌టాప్‌లోంచి నేరుగా తీస్తే మరీ శుభ్రంగా, ముందుకొచ్చి కూర్చుంటుంది. చిన్న స్పీకర్లో వాయించి, మైకు ఒక మీటరు దూరంలో పెట్టి మళ్ళీ రికార్డు చేస్తే గదిలో మూల నుంచి వచ్చినట్టు ఉంటుంది. మిక్స్‌లో దాన్ని, "ఉందా లేదా" అనుమానం వచ్చేదాకా తగ్గించి, అక్కణ్ణుంచి ఒక్క మెట్టు పెంచండి.

గొంతు దగ్గర ఎక్కువమంది ఓడిపోతారు. మైకుకి జానెడు దూరం, పాప్ ఫిల్టరు, కంప్రెసర్ (గట్టి చప్పుళ్ళని అణిచే పరికరం) 2:1 దగ్గర పెట్టి రెండు మూడు డెసిబెల్స్ మాత్రమే. మనవైపు సంగీతం నేర్చుకున్న గొంతులు వాక్యం చివర చిన్న గమకం వెయ్యకుండా ఉండలేవు, అది చేతకాని విషయం కాదు, అలవాటు. ఒక పాటని ముందు మాటల్లా చదివించి రికార్డు చేసి, ఆ వేగంలో, ఆ గట్టిదనంలోనే స్వరాలు పెట్టి పాడమంటే త్వరగా దారికొస్తుంది. రెండో గొంతు పైన కలపాలనిపిస్తే ఒక రోజు ఆగి మళ్ళీ వినండి.

ఎల్పీ వాళ్ళకి ఇంకొక్కటి. రెండో వైపు 8 పాటలు, చివరిదైన 'విండ్ ఇన్ ద రిగ్గింగ్' లేబుల్ పక్కనే లోపలి చుట్లలో పడింది. చుట్టు చిన్నదయ్యే కొద్దీ అదే 1.8 సెకన్లలో ముల్లు కింద నుంచి పోయే గాడి పొడవు తగ్గిపోతుంది, ఆర్గన్ అంచులు గరగరమంటాయి. గుండ్రటి మొన ముల్లుతో ఇది ఎక్కువ, దీర్ఘవృత్తపు మొనతో తక్కువ. మొన మార్చినా గరగర పోకపోతే కాగితం ప్రొట్రాక్టరు ప్రింటు తీసి కార్ట్రిడ్జి కోణం దాని మీద గుర్తుపెట్టిన లోపలి బిందువు దగ్గర సరిచూడండి. ప్రింటరులో 'పేజీకి సరిపెట్టు' ఆఫ్ చేసి 100 శాతంలోనే తియ్యాలి, లేకపోతే ఆ కొలతే తప్పవుతుంది.